మా వారి గుండె మాత్ర నేనూ వేసుకోవచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ సత్యనారాయణపురం. మా వారికి 64 ఏళ్లు. మూడేళ్ల కిందట గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు. మొదటి ఏడాది నాలుగైదు రకాల మాత్రలు ఉండేవి. తర్వాత తగ్గించి ఆస్పిరిన్ 75, అటోర్వాస్టాటిన్ 10 కలిసిన క్యాప్సూల్ ఒకటి, బీపీ మాత్ర ఒకటి రాశారు. రెండేళ్లుగా అదే చీటీ మీద కొంటున్నాం. మొన్న పరీక్షలో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 92 వచ్చింది, వంద లోపే కదా అని ఊరుకున్నాం. ఆయన పొద్దున్నే కాఫీ తాగి క్యాప్సూల్ వేసుకుంటారు. కడుపులో మంట అంటుంటారు. శనివారం ఉపవాసం కాబట్టి ఆ రోజు వేసుకోరు. మోకాళ్ల నొప్పులకు షాపులో అడిగి మాత్రలు తెచ్చుకుంటారు. ఇప్పుడొక పన్ను తీయించాలి. వారం ముందు నుంచి గుండె మాత్ర ఆపేయమని పక్కింటివాళ్లు అంటున్నారు.

నాకు 57. బీపీకి అమ్లోడిపిన్ వాడుతున్నాను. షుగర్ లేదు, గుండె జబ్బు లేదు. మూడు నెలల కిందట నా కొలెస్ట్రాల్ 228, ఎల్‌డీఎల్ 146, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 44, ట్రైగ్లిజరైడ్లు 190 వచ్చాయి. గుంటూరులో ఉండే మా ఆడపడుచు 'నేనూ అదే వేసుకుంటున్నా వదినా, గుండెకు రక్ష' అంటే, రెండు నెలలుగా మా వారి క్యాప్సూలే నేనూ వేసుకుంటున్నాను. ఈమధ్య కాస్త తగిలితే చాలు, చేతుల మీద కమిలిన మచ్చలు పడుతున్నాయి. ఇద్దరం ఇలాగే వాడుకోవచ్చా? గోంగూర, ఆకుకూరలు మానేయాలా?

సమాధానం: ముందు చెప్పాల్సింది చెప్పేస్తాం. మీరు ఆ క్యాప్సూల్ వేసుకోవడం ఆపేయండి. మీ వారు ఆపకూడదు, పన్ను కోసమైనా, ఉపవాసం కోసమైనా. అయితే ఆ క్యాప్సూల్‌లో ఉన్న స్టాటిన్, అంటే కొలెస్ట్రాల్ తగ్గించే అటోర్వాస్టాటిన్, ఆయనకు సరిపోవడం లేదు, కాబట్టి ఈ నెలలోనే కార్డియాలజిస్టును కలవాలి. ఒకే స్ట్రిప్‌లోంచి తీసుకున్న మందు ఒకరికి ఎక్కువై, ఇంకొకరికి తక్కువైంది. ఇలా ఎందుకు జరిగిందో తెలియాలంటే ఆ క్యాప్సూల్‌ను రెండు మందులుగా విడదీసి చూడాలి.

అందులోని ఆస్పిరిన్ రక్తంలోని ప్లేట్‌లెట్ల మీద పనిచేస్తుంది. గుండె రక్తనాళంలో పేరుకున్న కొవ్వు పూత ఎక్కడైనా చిట్లితే ప్లేట్‌లెట్లు అక్కడికి చేరి గడ్డ కడతాయి, గుండెపోటు వచ్చేది ఆ గడ్డ వల్లే. ఆస్పిరిన్ తగిలిన ప్లేట్‌లెట్ ఇక దాని జీవితకాలమంతా, అంటే 7 నుంచి 10 రోజులు, గట్టిగా అతుక్కోలేదు. అందుకే 75 మిల్లీగ్రాముల చిన్న మోతాదు రోజుకొకటి చాలు. స్టాటిన్ దారి వేరు. అది కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీని తగ్గిస్తుంది. తయారీ తగ్గిన కాలేయం రక్తంలోని ఎల్‌డీఎల్‌ను ఎక్కువగా లాగేసుకుంటుంది. నెలలు గడిచేకొద్దీ పూత గట్టిపడి, చిట్లే గుణం తగ్గుతుంది. ఒకటి గడ్డ కట్టకుండా చూస్తుంది, రెండోది గడ్డకు కారణమైన పూతను అదుపులో పెడుతుంది. రెండూ గుండెకు మంచివే. కానీ రెండింటి అవసరమూ, మోతాదూ, ప్రమాదమూ వేర్వేరు.

ముందు మీ సంగతి. గుండెపోటు, పక్షవాతం, స్టెంట్, బైపాస్ ఏదీ లేని మనిషికి ముందుజాగ్రత్తగా ఆస్పిరిన్ ఇవ్వాలా అనే ప్రశ్నకు 2018లో మూడు పెద్ద పరిశోధనల ఫలితాలు వచ్చాయి. వాటిలో యాసెండ్ అనేది గుండె జబ్బు బయటపడని 15,480 మంది షుగర్ రోగుల మీద సగటున 7.4 ఏళ్లు జరిగింది. గుండెపోటు, స్ట్రోక్ లాంటి తీవ్ర సమస్యలు ఆస్పిరిన్ తీసుకోనివారిలో 9.6 శాతం, తీసుకున్నవారిలో 8.5 శాతం. తీవ్ర రక్తస్రావం తీసుకోనివారిలో 3.2 శాతం, తీసుకున్నవారిలో 4.1 శాతం. వెయ్యి మందిలో పదకొండు మందికి మేలు జరిగితే తొమ్మిది మందికి కీడు జరిగిందన్న మాట. షుగర్ ఉన్నవాళ్లకే లాభనష్టాలు ఇంత దగ్గరగా ఉంటే, షుగర్ కూడా లేని మీకు మిగిలే లాభం ఇంకా తక్కువ. ఆరోగ్యంగా ఉన్న వృద్ధుల మీద జరిగిన ఆస్ప్రీ పరిశోధనలో గుండె జబ్బులు తగ్గనే లేదు, రక్తస్రావం మాత్రం పెరిగింది. ఆ తర్వాతే మార్గదర్శకాలు మారాయి. 2022లో అమెరికా నిపుణుల బృందం 60 దాటినవారికి ముందుజాగ్రత్తగా ఆస్పిరిన్ కొత్తగా మొదలుపెట్టొద్దని చెప్పింది. 40 నుంచి 59 లోపు వారిలో ముప్పు బాగా ఎక్కువగా ఉండి, రక్తస్రావం భయం లేనివారికి మాత్రం డాక్టరు విడిగా ఆలోచించవచ్చంది. మీకు బీపీ ఉంది, పైగా చేతుల మీద మచ్చలు కనిపిస్తున్నాయి. తక్కెడ ఎటు మొగ్గుతుందో చెప్పనక్కర్లేదు.

రెండు నెలలే వాడారు, స్టెంట్ లేదు, కాబట్టి మీరు ఆపితే స్టెంట్ ఉన్నవారిలో ఉండే లాంటి ప్రమాదం మీకు లేదు. ఆపిన మర్నాటి నుంచే మచ్చలు తగ్గుతాయనుకోవద్దు. కొత్త ప్లేట్‌లెట్లు తయారవ్వాలి కాబట్టి వారం, పది రోజులు పడుతుంది. ఆ తర్వాత కూడా కొత్త మచ్చలు వస్తుంటే, చిగుళ్ల నుంచి గానీ ముక్కు నుంచి గానీ రక్తం వస్తుంటే, ప్లేట్‌లెట్ల లెక్కతో సహా సీబీసీ (రక్తకణాల పరీక్ష) చేయించి డాక్టరుకు చూపించండి. విరేచనం తారులా నల్లగా, జిగటగా అవుతుంటే మాత్రం ఆగొద్దు, అదే రోజు వెళ్లండి. ఐరన్ మాత్రలు వాడేవారికీ నల్లగా అవుతుంది గానీ దానికి ఆ జిగట, ఆ దుర్వాసన ఉండవు.

ఇక మీ ఎల్‌డీఎల్ 146. ఆస్పిరిన్ వద్దన్నామని స్టాటిన్ కూడా వద్దనుకోకండి. మీ వయసు, బీపీ, ఈ అంకె కలిపి చూస్తే స్టాటిన్ ఒక్కటి విడిగా అవసరం కావచ్చు. అది తేల్చే ముందు కొన్ని చూడాలి. మొదటిది థైరాయిడ్, అంటే టీఎస్‌హెచ్ పరీక్ష. యాభై దాటిన ఆడవాళ్లలో థైరాయిడ్ తగ్గి, అది గుర్తించక, దాని వల్ల పెరిగిన కొలెస్ట్రాల్‌కు ఏళ్ల తరబడి స్టాటిన్ వాడుతుండటం తరచూ కనిపించేదే. థైరాయిడ్ తక్కువగా ఉన్నవారికి స్టాటిన్‌తో ఒంటినొప్పులు కూడా ఎక్కువ. దాన్ని సరిచేస్తే ఎల్‌డీఎల్ తనంతట తానే కొంత దిగుతుంది. దాంతోపాటు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), కాలేయ పరీక్ష. మీ పుట్టింట్లో నాన్నగారికి గానీ అన్నదమ్ములకు గానీ 55 లోపు, అమ్మగారికి గానీ అక్కచెల్లెళ్లకు గానీ 65 లోపు గుండెపోటు వచ్చి ఉంటే ఆ మాట డాక్టరుకు మీరే చెప్పాలి, ముప్పు లెక్కను అది బాగా మారుస్తుంది. అప్పటికీ తేలకపోతే గుండె రక్తనాళాల్లో కాల్షియం ఎంతుందో చూసే సీటీ స్కాన్ ఒకటుంది, డై ఇంజెక్షన్ అవసరం లేనిది. అది సున్నా వస్తే చాలామందికి స్టాటిన్‌ను కొన్నేళ్లు వాయిదా వేయవచ్చు.

ఇక్కడొక చిక్కుంది. మీరు రెండు నెలలుగా అటోర్వాస్టాటిన్ 10 తీసుకుంటున్నారు. ఇప్పుడు లిపిడ్ (కొలెస్ట్రాల్) పరీక్ష చేయిస్తే ఎల్‌డీఎల్ 90 ప్రాంతంలో రావచ్చు. డాక్టరుకు క్యాప్సూల్ మాట చెప్పకుండా ఆ కాగితం ఒక్కటి చూపిస్తే 'అంతా బాగుంది, మందే అక్కర్లేదు' అంటారు. కాబట్టి మూడు నెలల నాటి పాత రిపోర్టు తీసుకెళ్లండి, రెండు నెలలు ఏం వాడారో చెప్పండి. స్టాటిన్ అవసరమని తేలితే అటోర్వాస్టాటిన్ మీ అమ్లోడిపిన్‌తో కలిపి వాడుకోవచ్చు. సిమ్వాస్టాటిన్ అయితే మాత్రం అమ్లోడిపిన్‌తో 20 మిల్లీగ్రాములు దాటకూడదు.

మీ ఆడపడుచుగారికి కూడా ఈ ఉత్తరం చదివి వినిపించండి. ఆవిడకు గుండెపోటో స్టెంటో ఉండి డాక్టరు రాసిచ్చి ఉంటే ఆ మందు ఆవిడకు సరైనదే, ఆపకూడదు. ఎవరో చెబితే మొదలుపెట్టినదైతే మీకు చెప్పిన సమాధానమే ఆవిడకూ.

మీ వారి విషయం ఇంకాస్త వివరంగా చెప్పాలి. ఆయనకు ఆస్పిరిన్ అవసరమా అన్న సందేహమే లేదు. గుండెపోటు వచ్చినవారికి ఆస్పిరిన్ ప్రాణాలు కాపాడుతుందని 1988లోనే ఐసిస్-2 అనే పరిశోధన 17 వేల మందికి పైగా రోగుల మీద చూపింది. స్టెంట్ వేసిన కొత్తలో గడ్డ కట్టకుండా చూసే క్లోపిడోగ్రెల్ లాంటి రెండో మందు కూడా ఇస్తారు. గుండెపోటు తర్వాత సాధారణంగా ఏడాది దాకా, ఆ పైన ఒక్కటే కొనసాగిస్తారు. మీ వారికి 'తగ్గించింది' అదే. అంతవరకు సరిగ్గానే జరిగింది.

తప్పింది స్టాటిన్ దగ్గర. అటోర్వాస్టాటిన్ 10 నుంచి 20 దాకా మధ్యస్థ మోతాదు, ఎల్‌డీఎల్‌ను 30 నుంచి 49 శాతం తగ్గిస్తుంది. 40, 80 పెద్ద మోతాదులు, సగం పైగా తగ్గిస్తాయి. రోసువాస్టాటిన్ అయితే 5, 10 మధ్యస్థం, 20, 40 పెద్దవి. గుండెపోటు వచ్చిన మనిషికి, ఒంటికి పడినంతవరకు, పెద్ద మోతాదే వాడాలి. ల్యాబ్ కాగితం మీద '100 లోపు మంచిది' అని అచ్చువేసేది గుండె జబ్బు లేనివారి కోసం. స్టెంట్ ఉన్నవారికి ఎల్‌డీఎల్ 55 లోపు ఉండాలని కార్డియాలజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా చెబుతోంది. మీ వారి 92 ఆ లెక్కన చాలా ఎక్కువ.

కలిపిన క్యాప్సూల్‌తో వచ్చే చిక్కే ఇది. మన దగ్గర ఎక్కువగా దొరికేవి 75/10, 75/20, 150/10 రకాలు (మొదటి అంకె ఆస్పిరిన్, రెండోది అటోర్వాస్టాటిన్). స్టాటిన్ పెంచాల్సి వచ్చినప్పుడు 'రెండు క్యాప్సూల్స్ వేసుకుంటే సరి' అనుకుంటారు. 75/10 రెండు వేసుకుంటే ఆస్పిరిన్ 150 అవుతుంది, స్టాటిన్ 20 మాత్రమే అవుతుంది. ఆస్పిరిన్ పెంచినందువల్ల గుండెకు అదనపు రక్ష రాదు. 15 వేల మంది పాల్గొన్న అడాప్టబుల్ పరిశోధనలో 2021లో తేలిందదే, 81 మిల్లీగ్రాములకూ 325కూ ఫలితంలో తేడా కనబడలేదు. పొట్టకు మాత్రం మోతాదు పెరిగేకొద్దీ ముప్పే. స్టాటిన్ పరిస్థితి కూడా గమనించండి. మోతాదు రెట్టింపు చేసిన ప్రతిసారీ ఎల్‌డీఎల్ ఇంకో 6 శాతం మాత్రమే దిగుతుంది, రెట్టింపు దిగదు.

మీ వారి అంకెలతోనే లెక్క వేద్దాం. 10 మిల్లీగ్రాములతో సుమారు 37 శాతం తగ్గి 92 వచ్చిందనుకుంటే, మందు లేకుండా ఆయన అసలు ఎల్‌డీఎల్ 146 ఉండి ఉంటుంది. 20కి పెంచితే 83 దగ్గర, 40కి 74 దగ్గర, 80కి 66 దగ్గర ఆగుతుంది. అంటే స్టాటిన్ ఒక్కదానితో 55 లోపుకు చేరడం కష్టం. అందుకని 40 దగ్గరో 80 దగ్గరో పెట్టి, ఎజెటిమైబ్ 10 అనే ఇంకో మందు కలుపుతారు. అది పేగుల్లో కొలెస్ట్రాల్ పీల్చుకోకుండా ఆపి, మిగిలినదాంట్లో ఇంకో ఐదో వంతు తగ్గిస్తుంది. 74 కాస్తా 59 అవుతుంది, 66 అయితే 53. ఇది అంచనా మాత్రమే, మనిషి మనిషికీ మారుతుంది. కానీ కార్డియాలజిస్టును ఏం అడగాలో దీన్నిబట్టి తెలుస్తుంది: 'ఆస్పిరిన్ 75 విడిగా, స్టాటిన్ పెద్ద మోతాదులో విడిగా రాస్తారా, ఎజెటిమైబ్ కలపాలా?' మార్చిన 4 నుంచి 12 వారాల్లోపు మళ్లీ లిపిడ్ పరీక్ష చేయించాలి, మూడేళ్లకో నాలుగేళ్లకో కాదు. ఆ పరీక్షకు మామూలుగా పరగడుపున ఉండక్కర్లేదు. ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువుంటే అప్పుడు ఉండమంటారు.

కలిపిన మందులను తీసిపారేయడం మా ఉద్దేశం కాదు. రోజుకు ఆరేడు మాత్రలు మింగాల్సిన మనిషి రెండు మూడు మరచిపోతాడు, ఒకే మాత్రలో ఉంటే మరవడు. 2022లో వచ్చిన సెక్యూర్ పరిశోధనలో గుండెపోటు తర్వాత ఆస్పిరిన్ 100, రామిప్రిల్, అటోర్వాస్టాటిన్ 20 లేదా 40 కలిపిన ఒకే మాత్ర ఇచ్చినవారిలో మళ్లీ గుండెపోటు, స్ట్రోక్, గుండె జబ్బు మరణం లాంటివి 9.5 శాతం, విడివిడిగా ఇచ్చినవారిలో 12.7 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇలాంటి మాత్రలను అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. గమనించండి, అందులో స్టాటిన్ 10 కాదు, 20 లేదా 40. ముందు ఒక్కో మందు మోతాదు తేల్చుకుని, ఆ మోతాదులే ఉన్న కలయిక దొరికితే అప్పుడు దానికి మారాలి. కలయికను బట్టి మోతాదు సరిపెట్టుకోవడం తప్పు. విడిగా కొంటే ఖర్చు పెరుగుతుందన్న బెంగ ఉంటే, ఆస్పిరిన్ 75, అటోర్వాస్టాటిన్ రెండూ జన ఔషధి కేంద్రాల్లో తక్కువ ధరకు దొరుకుతాయి.

స్ట్రిప్ మార్చేటప్పుడు ఇంకొక పొరపాటు తరచూ జరుగుతుంటుంది. మందు పేరు చివర 'గోల్డ్' అని ఉంటే చాలా కంపెనీల్లో అది ఆస్పిరిన్, స్టాటిన్, క్లోపిడోగ్రెల్ మూడూ కలిసినది. క్లోపిడోగ్రెల్ పేరు పక్కన 'ఏ' అక్షరం ఉంటే దాంట్లోనూ ఆస్పిరిన్ ఉంటుంది. హాస్పిటల్ చీటీలో ఒకటి, పాత చీటీలో ఒకటి కలిపి వాడేస్తే రోజుకు ఆస్పిరిన్ 150 పోతుంది, ఎవరికీ తెలియదు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు చీటీలు కాదు, ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ ఒక కవర్‌లో వేసుకుని వెళ్లండి. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చూసి ఆయన చెప్పగలరు.

కడుపులో మంటకు వద్దాం. ఆస్పిరిన్ పరగడుపున వేసుకోవడం, దానికి తోడు కాఫీ, ఈ రెండూ మానాలి. రాత్రి భోజనం అయ్యాక గ్లాసు నిండా నీళ్లతో వేసుకోమనండి. అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ రోజులో ఎప్పుడు వేసుకున్నా పనిచేస్తాయి, కాబట్టి వేళ మార్చినా నష్టం లేదు. శనివారం ఫలహారం చేసినా సరే, ఆ ఫలహారం తర్వాతే వేసుకోవచ్చు. మానడం మాత్రం కుదరదు. ఒక్క రోజు మానితే ఏమవుతుందంటే, రోజుకు సుమారు పదో వంతు ప్లేట్‌లెట్లు కొత్తగా పుడతాయి, వాటికి ఆ రోజు ఆస్పిరిన్ అందదు. వారం వారం అలా చేయడం స్టెంట్ ఉన్న మనిషికి తగదు. ఏ రోజైనా మరచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోవాలి. మర్నాడు గుర్తొస్తే ఒకటే వేసుకోవాలి, రెండు కాదు.

క్యాప్సూల్ విప్పి పొడి చేసి మింగకూడదు. అందులోని ఆస్పిరిన్‌కు పొట్టలో కాకుండా పేగులో కరిగేలా పూత ఉంటుంది. మంట పుట్టిందని వెంటనే తెల్లటి గ్యాస్ మందు తాగితే ఆ పూత పొట్టలోనే కరిగిపోతుంది. రెండింటికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. అయితే ఆ పూత వల్ల మంట కొంత తగ్గుతుందే గానీ పుండ్లు పడే ముప్పు పెద్దగా తగ్గదు. ఆస్పిరిన్ రక్తంలో కలిశాక పొట్ట గోడను కాపాడే ప్రోస్టాగ్లాండిన్లను తగ్గిస్తుంది, నష్టం అక్కడి నుంచి వస్తుంది. మీ వారి వయసుకు, మంట కూడా ఉంది కాబట్టి, పాంటోప్రజోల్ లాంటి మాత్ర రోజూ ఇవ్వాలా అని డాక్టరును అడగండి. అది భోజనానికి అరగంట ముందు, ఖాళీ కడుపున వేసుకోవాలి. 'గ్యాస్ మాత్ర పరగడుపున, గుండె మాత్ర తిన్నాక' అన్నదాన్ని తారుమారు చేసుకునేవాళ్లు ఎక్కువ. మంట తగ్గకపోతే పొట్టలో పుండ్లకు కారణమయ్యే హెచ్ పైలోరీ అనే బ్యాక్టీరియా ఉందేమో పరీక్ష కూడా చేస్తారు. గుంటూరు కారం పుండ్లు పుట్టించదు గానీ ఉన్న మంటను ఎక్కువ చేస్తుంది. మంట ఉన్నన్నాళ్లు తగ్గించుకుంటే ఆయనకే హాయి.

మోకాళ్ల మాత్రల సంగతి అన్నిటికంటే భయపెట్టేది. షాపులో అడిగితే ఇచ్చేవి ఎక్కువగా ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్. ఇవి ఆస్పిరిన్‌తో కలిస్తే పొట్టలో రక్తస్రావం ముప్పు ఎన్నో రెట్లవుతుంది. ఇవి గుండెకు, కిడ్నీలకు కూడా భారమే, బీపీని పెంచుతాయి. ఐబుప్రొఫెన్‌ది మరీ చెడ్డ పని. అది ముందుగా ప్లేట్‌లెట్ మీద కూర్చుంటే ఆస్పిరిన్‌కు చోటుండదు, ఆ పూట ఆస్పిరిన్ వేసుకున్నా వేసుకోనట్టే. ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకునే నొప్పి ఇంజెక్షన్ కూడా చాలాసార్లు డైక్లోఫెనాకే. మాత్ర కాదు కదా అని ఊరట పడొద్దు. నొప్పికి పారాసిటమాల్ 500 లేదా 650 వాడుకోవచ్చు, రోజుకు మొత్తం 3 గ్రాములు దాటకుండా. కాలేయ జబ్బు, మద్యం అలవాటు ఉంటే ఇంకా తక్కువ. పై పూతగా నొప్పి జెల్, తొడ కండరాలు బలపడే వ్యాయామాలు, బరువు తగ్గడం మోకాళ్లకు మాత్రల కంటే మేలు చేస్తాయి. ఇవి చాలకపోతే ఎముకల డాక్టరును కలిసి, స్టెంట్ ఉందని ముందే చెప్పాలి.

పన్ను కోసం ఆస్పిరిన్ ఆపక్కర్లేదు. ఒకటీ రెండు పళ్లు తీసేటప్పుడు రక్తం కాస్త ఎక్కువసేపు కారవచ్చు. గాజుగుడ్డ అరగంట గట్టిగా కరిచిపట్టడం, అవసరమైతే ఒక కుట్టు, రక్తం ఆపే ట్రానెక్సామిక్ ఆసిడ్ ద్రవం పుక్కిలించడం, వీటితో ఆగుతుంది. స్టెంట్ మీద గడ్డ కడితే ఆపడం అంత తేలిక కాదు. దంతవైద్యుడికి స్టెంట్, ఆస్పిరిన్, బీపీ మాత్ర అన్నీ చెప్పండి, పొద్దుటి పూట అపాయింట్‌మెంట్ తీసుకోండి, ఏదైనా అయితే పగలే మళ్లీ వెళ్లొచ్చు. పన్ను తీశాక నొప్పికి కూడా పారాసిటమాలే రాయమని అడగాలి. చీటీలో ఐబుప్రొఫెన్ చేరేది సరిగ్గా అక్కడే. పెద్ద ఆపరేషన్ ఏదైనా పడితే ఆపాలా వద్దా అన్నది సర్జనూ కార్డియాలజిస్టూ మాట్లాడుకుని తేల్చాల్సినది, పక్కింటివాళ్లు కాదు.

స్టాటిన్ మోతాదు పెంచాక ఒంటినొప్పులు వస్తే ఆయన మానేస్తానంటారేమో. స్టాటిన్ నొప్పి ఉండేది నిజమే. రెండు తొడలూ, రెండు భుజాలూ సమానంగా బరువెక్కినట్టు, మెట్లెక్కడానికి కష్టంగా ఉంటుంది. ఒక్క మోకాలు, ఒక పక్క నడుము నొప్పి సాధారణంగా స్టాటిన్‌ది కాదు. శాంసన్ అనే పరిశోధనలో స్టాటిన్ పడదని మానేసినవారికే కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు ఉత్త పిండి మాత్ర ఇచ్చి చూస్తే, స్టాటిన్‌తో వచ్చిన బాధలో 90 శాతం పిండి మాత్రతోనూ వచ్చింది. కాబట్టి తనంతట తాను మానకుండా సీకే అనే కండరాల రక్తపరీక్ష చేయించి డాక్టరుతో మాట్లాడాలి. మోతాదు తగ్గించి, రోసువాస్టాటిన్‌కు మార్చి, లేదా ఎజెటిమైబ్ తోడు చేసి దారి వెతుకుతారు. మూత్రం డికాషన్ రంగులోకి మారి, కండరాలు తీవ్రంగా నొప్పి పెడితే మాత్రం మాత్ర ఆపి వెంటనే హాస్పిటల్‌కు వెళ్లాలి. షుగర్ కాస్త పెరిగే అవకాశం కూడా ఉంది. 255 మంది నాలుగేళ్లు వాడితే ఒకరికి అదనంగా షుగర్ వస్తుందని లెక్క. స్టెంట్ ఉన్న మనిషికి స్టాటిన్ చేసే మేలు ముందు అది చిన్నదే, ఏడాదికోసారి హెచ్‌బీఏ1సీ చూసుకుంటే సరిపోతుంది.

మన ఉక్కపోతకు గజ్జల్లో, నడుము దగ్గర తామర వస్తే నెలల తరబడి ఇట్రాకొనజోల్ రాస్తుంటారు. అది అటోర్వాస్టాటిన్ ఒంట్లోంచి పోకుండా అడ్డుకుని, రక్తంలో దాని మోతాదు పెంచేస్తుంది, కండరాలు దెబ్బతినే ముప్పుంది. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌తోనూ అంతే. చర్మం డాక్టరైనా, గొంతు డాక్టరైనా స్టాటిన్ పేరు ముందు చెప్పాలి.

వానాకాలం మొదలయ్యాక జ్వరం వస్తే ఇంకో జాగ్రత్త. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఉన్నవాటిని ఆస్పిరిన్ పనిచేయనివ్వదు. మీ వారికి రెండు రోజులు జ్వరం నిలబడితే సీబీసీ, డెంగీ పరీక్ష చేయించి, ఆస్పిరిన్ కొనసాగించాలా, కొన్ని రోజులు ఆపాలా అని కార్డియాలజిస్టునే అడగండి. స్టెంట్ ఒక పక్క, రక్తస్రావం ఒక పక్క లాగే పరిస్థితి అది, ఇంట్లో తేల్చేది కాదు. జ్వరం వచ్చిన పిల్లలకు ఈ స్ట్రిప్‌లోది ఎప్పుడూ ఇవ్వకూడదు, రై సిండ్రోమ్ అనే ప్రాణాంతక జబ్బు రావచ్చు.

మీ వారికి మళ్లీ ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి వస్తే ఈ క్యాప్సూల్ పనికిరాదు, పూత వల్ల ఆలస్యంగా కరుగుతుంది. పూత లేని ఆస్పిరిన్ సుమారు 300 మిల్లీగ్రాములు నమిలి మింగాలి. పూత ఉన్న 75లే ఇంట్లో ఉంటే నాలుగు బాగా నమలాలి. ఆయనకు పూత లేని ఆస్పిరిన్ విడిగా ఉంచుకోవాలా అని ఈసారి డాక్టరును అడిగి పెట్టుకోండి. ముందు 108కు ఫోన్ చేయాలి. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఆటో కోసం చూడటం కంటే, దారిలోనే ఈసీజీ, ఆక్సిజన్ అందే బండి మేలు. కానీ మూతి వంకర పోవడం, ఒక చెయ్యి, కాలు పడిపోవడం, మాట తడబడటం కనిపిస్తే ఆస్పిరిన్ ఇవ్వొద్దు. అది మెదడులో రక్తం చిందడం వల్ల కావచ్చు, స్కాన్ చూశాకే మందు.

మందు నిల్వ గురించి కూడా చెప్పాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు వంటింటి గట్టు మీద, దేవుడి గూట్లో దీపం పక్కన పెట్టిన ఆస్పిరిన్ పాడవుతుంది. వేడి, తేమ తగిలితే అది విడిపోయి ఎసిటిక్ ఆసిడ్ అవుతుంది. మాత్ర తీయగానే వెనిగర్ వాసన వస్తే ఆ స్ట్రిప్ పారేయాలి. వారం మాత్రలు ముందే విప్పి ప్లాస్టిక్ డబ్బాలో సర్దే అలవాటుంటే, దీన్ని మాత్రం స్ట్రిప్‌లోనే ఉంచి కత్తిరించి పెట్టుకోండి. స్టాటిన్ చీటీ మీదే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ మందు. రెండేళ్ల పాత చీటీతో ఇస్తున్నారంటే మీకు సౌకర్యమే, కానీ ఎల్‌డీఎల్ 92 దగ్గర ఆగిన సంగతి ఎవరూ చూడకపోవడానికి కారణం కూడా అదే.

గోంగూర, ఆకుకూరలు ఇద్దరూ తినవచ్చు. ఆకుకూరలు ఒక లెక్కలో తినాలన్నది వార్ఫరిన్, అసెనోకుమరాల్ మాత్రలు వాడేవారికి, అంటే గుండెలో మెటల్ కవాటం ఉన్నవారిలాంటి వారికి. ఆ మందులు విటమిన్ కెకి అడ్డుపడి పనిచేస్తాయి, ఆకుకూరల్లో అదే ఎక్కువ. ఆస్పిరిన్‌కు దానితో సంబంధం లేదు. వెల్లుల్లి క్యాప్సూల్స్, తెల్లమద్ది బెరడు చూర్ణం లాంటివి ఏవైనా వాడుతుంటే డాక్టరుకు చెప్పండి, మాత్రకు బదులుగా మాత్రం వాడొద్దు. మీ ఇద్దరికీ బీపీ ఉంది కాబట్టి తగ్గించాల్సింది గోంగూర పచ్చడిలో ఉప్పు. పప్పులో వేసిన గోంగూర, తోటకూర పులుసు నిశ్చింతగా తినండి.